పేరు తండ్రిది – వేరు తల్లిది



మన నూజివీడు వైపు వాళ్లకు బందరు కొత్త ఊరేమీ కాదు. 2022లో నూజివీడును ఏలూరు జిల్లాలో కలిపారు గాని, అంతకుముందు కలెక్టరాఫీసు పనికైనా, జిల్లా కోర్టు పనికైనా మనవాళ్లు బందరు బస్సే ఎక్కేవారు. ఆ ఊళ్లో పేటల పేర్లు ఎప్పుడైనా గమనించారా? పరాసుపేట, వలందపాలెం, ఇంగ్లీషుపాలెం! పరాసులంటే ఫ్రెంచివారు. వలందులంటే హాలెండు దేశస్థులు, అంటే డచ్చివారు. పోర్చుగీసువారినేమో మన పెద్దలు బుడతకీచులన్నారు. దొరలు పోయారు, వాళ్ల ఓడలు పోయాయి. పేర్లు మాత్రం పేటలను పట్టుకుని ఉండిపోయాయి.

మరి పేర్లే మిగిలాయా, మనుషులు కూడా మిగిలారా? "మా తాతగారి ముత్తాత తెల్ల సోల్జరట" అనే మాట కోస్తా జిల్లాల్లో ఎక్కడో ఒకచోట వినబడుతూనే ఉంటుంది. కొందరు గొప్పగా చెప్పుకుంటారు. కొందరు గొంతు తగ్గించి చెబుతారు. అది నిజమో కాదో తేల్చుకోవడం ఎట్లా? ఏ కాగితాలు చూడాలి? ఆ కాగితాల్లో ఏముంటుంది, ఏముండదు? ఈ సంగతులే ఈవేళ చెప్పుకుందాం.

ముందు ఆ సోల్జర్లు ఎట్లా వచ్చారో చూద్దాం. బొబ్బిలి కథ విన్నవారికి బుస్సీ పేరు వేరే చెప్పనక్కరలేదు. 1750లో బందరు ఫ్రెంచివారి చేతికి వచ్చింది. 1753లో హైదరాబాదు నవాబు సలాబత్ జంగు కొండపల్లి, ఏలూరు, రాజమండ్రి, శ్రీకాకుళం సర్కార్లను వాళ్లకు ఇచ్చేశాడు. ఎందుకు ఇచ్చాడనుకున్నారు? తనకు కాపలా కాస్తున్న ఫ్రెంచి పటాలానికి జీతాలు ఇవ్వడానికి! అంటే ఆ నాలుగైదేళ్లు మన పొలాల శిస్తు సముద్రం అవతలినుంచి వచ్చిన సిపాయిల జీతాల కింద పోయిందన్నమాట.

ఆ ముచ్చట ఎక్కువకాలం సాగలేదు. 1758 డిసెంబరులో పిఠాపురం దగ్గర చందుర్తిలో ఇంగ్లీషు సేనాని కల్నల్ ఫోర్డు ఫ్రెంచివారిని ఓడించాడు. అక్కడినుంచి ఏలూరు మీదుగా బందరు చేరి, 1759 ఏప్రిల్ 7 రాత్రి కోటమీద పడ్డాడు. తెల్లవారేసరికి కోట చిక్కింది. లోపల పట్టుబడినవాళ్లు సుమారు 500 మంది యూరోపియన్లు. వాళ్లుగాక కాఫ్రీలు, టోపాసులు, సిపాయిలు కలిసి 2500 పైచిలుకు. కాఫ్రీలంటే ఆఫ్రికావాళ్లు. టోపాసులంటే పోర్చుగీసు పేర్లు పెట్టుకున్న ఇక్కడి క్రైస్తవులు, మిశ్రమ సంతతివాళ్లు.

ఇక్కడ ఒక సంగతి గుర్తుపెట్టుకోండి. ఫ్రెంచి పటాలమంటే అందరూ ఫ్రెంచివాళ్లే అనుకోకూడదు. జర్మన్లున్నారు, స్విస్సులున్నారు. డచ్చి కంపెనీ సోల్జర్లలోనైతే బయటి దేశాలవాళ్లే ఎక్కువ. ఇంట్లో "పరాసు తాత" అని చెప్పుకున్న మనిషి కాగితాల్లో ఏ జర్మనీ పల్లెటూరివాడుగానో తేలవచ్చు.

యుద్ధం అయిపోయాక వీళ్లంతా ఓడ ఎక్కి ఇంటికి పోయారా? పోయినవాళ్లు పోయారు. ఆరు నెలల సముద్ర ప్రయాణం, చేతిలో డబ్బు లేదు, అక్కడ ఎదురుచూసేవాళ్లు ఉన్నారో లేదో తెలియదు. చాలామంది నిన్నటి శత్రువు కొలువులోనే చేరిపోయారు. ఫ్రెంచి పటాలంలో వచ్చిన క్లాడ్ మార్టిన్ 1760లో ఇంగ్లీషు కంపెనీలో చేరి, మేజర్ జనరల్ దాకా పోయి, లక్నోలో కోట్లకు పడగలెత్తాడు. ఆయన పేరు చరిత్రకెక్కింది. మామూలు సోల్జరు పేరు ఏ జీతాల పట్టీలోనో ఒక వరుస, అంతే. కాలు పోయినవాడు, వయసు మళ్లినవాడు ఏ కోట నీడనో గుడిసె వేసుకుని ఉండిపోయాడు. అతని కుటుంబం ఇక్కడే, పిల్లలు ఇక్కడే.

ఆ కుటుంబం అన్నమాటలోనే అసలు సంగతి ఉంది. ఈ సోల్జర్లు ఆడవాళ్లను వెంటబెట్టుకుని రాలేదు గదా! వాళ్లకు అన్నం వండినదీ, జ్వరం వస్తే కనిపెట్టి చూసినదీ, పిల్లల్ని కన్నదీ మన ఊళ్ల ఆడవాళ్లే. మొదట్లో కంపెనీవారికి ఇది ఇష్టంగానే ఉండేది. 1687లో లండనులోని డైరెక్టర్లు మద్రాసుకు ఒక ఉత్తరం వ్రాశారు. మా సోల్జర్లు ఇక్కడి స్త్రీలను పెళ్లాడితే మంచిదే, అట్లా పుట్టిన బిడ్డకు జ్ఞానస్నానం చేయించిన రోజున తల్లికి ఒక వరహా ఇద్దాం అని దాని సారాంశం. చూశారా, వరహా తల్లి చేతికే!

వందేళ్లు గడిచేసరికి గాలి తిరిగింది. 1791లో, ఇక్కడి తల్లికి పుట్టిన కొడుకులకు కంపెనీ ఉద్యోగాలు ఇవ్వకూడదని డైరెక్టర్లు తీర్మానించారు. 1795లో ఇంకొంచెం బిగించారు. తల్లీతండ్రీ ఇద్దరూ యూరోపియన్లు కానివాళ్లు పటాలంలో డ్రమ్ములు కొట్టాలి, పిల్లనగ్రోవులు, బ్యాండు వాయించాలి, గుర్రాలకు లాడాలు కొట్టాలి. అంతకుమించి పనికిరారన్నారు. అప్పటికే మద్రాసులో సోల్జర్ల అనాథ ఆడపిల్లలకోసం 1787లో, మగపిల్లలకోసం 1789లో శరణాలయాలు పెట్టారు. అనాథలంటే తల్లీతండ్రీ ఇద్దరూ లేనివాళ్లని మనం అనుకుంటాం. తండ్రి పోతే చాలు, తల్లి బతికున్నా బిడ్డ అనాథే అన్నది ఆనాటి లెక్క. ఆ గోడల మధ్య ఇంగ్లీషు నేర్చుకుని పెరిగిన పిల్లకు తల్లి మాట ఎంత మిగులుతుంది? తల్లి ఊరు ఎంత గుర్తుంటుంది? మీరే ఆలోచించండి.

బందరునుంచి హైదరాబాదు వెళితే ఇదే కథ ఇంకో రకంగా కనబడుతుంది. అక్కడ నిజాం దగ్గర ఫ్రెంచి సేనాని రేమండు పదివేలకు పైబడిన సేనను తయారుచేశాడు. 1798లో అతను చనిపోయాడు. అదే సంవత్సరం ఇంగ్లీషువారు ఆ సేన చేత ఆయుధాలు కింద పెట్టించారు. రేమండు సమాధి ఉన్నచోటే మూసారాంబాగు. అతన్ని ముస్లిములు మూసా రహీమనీ, హిందువులు మూసా రాముడనీ పిలుచుకున్నారట. అట్లాగే ఏ.సీ. గార్డ్సు అనే పేట పేరు ఆఫ్రికన్ కావల్రీ గార్డ్సుకు పొట్టిరూపం. ఆఫ్రికానుంచి వచ్చిన సిద్దీల గుర్రపు దళం ఉండేది అక్కడ. బార్కస్ అన్నది బ్యారక్సు అన్న మాటే. యెమెన్ దేశం హద్రమౌతునుంచి నిజాం కొలువుకు వచ్చిన అరబ్బుల నివాసం అది. 1948లో పోలీసు చర్య తరువాత వేలమంది అరబ్బులను వెనక్కి పంపేశారు. ఇక్కడ పుట్టి పెరిగినవాళ్లు చాలామంది ఉండిపోయారు.

బార్కస్ వాళ్లకు మా తాతలు ఎక్కడివాళ్లని వెతుక్కునే పని పెద్దగా లేదు. ఒకే ప్రాంతంనుంచి గుంపుగా వచ్చారు. ఒకేచోట ఉన్నారు. తండ్రి, తాత, ముత్తాత పేర్లు వరసగా చెప్పుకునే అలవాటు వాళ్లకుంది. మన కోస్తాలో విడివిడిగా ఉండిపోయిన సోల్జరు సంతానానికి అట్లాంటి ఆసరా లేదు. అందుకని వాళ్లు కాగితాలను ఆశ్రయించాలి.

ఇక వెతికే పద్ధతి చెబుతాను. మొదటి మెట్టు లండను కాదు, మన వంటిల్లు. ఇంట్లో పెద్దవాళ్లను కూర్చోబెట్టి అడగండి. అయితే "మన తాత తెల్లవాడేనా?" అని అడగకండి. అట్లా అడిగితే అవునో కాదో చెప్పి ఊరుకుంటారు. "నాయనమ్మా, నీ పుట్టిల్లు ఏ ఊరు? మీ అమ్మ పుట్టిల్లు? ఆవిడ పెళ్లి ఏ గుళ్లో అయింది? మీవాళ్ల సమాధులు ఎక్కడున్నాయి?" అని అడగండి. ఊరు తెలిస్తే చర్చి తెలుస్తుంది. చర్చి తెలిస్తే పుస్తకం దొరుకుతుంది.

రెండో మెట్టు సమాధులు. బందరులో డచ్చివారి సమాధుల తోటను కేంద్ర పురావస్తు శాఖవారు కాపాడుతున్నారు. రాళ్లమీద పేర్లు, తేదీలు, వంశ చిహ్నాలు చెక్కి ఉంటాయి. కాని అవి వర్తకులవీ, అధికారులవీ. సామాన్య సోల్జరుకు రాతి సమాధి ఎవరు కట్టిస్తారు? కాబట్టి రాయి కనబడకపోతే మనిషి లేడనుకోకూడదు.

మూడో మెట్టు చర్చి పుస్తకాలు. ఇంగ్లీషు చర్చీల్లో జరిగిన జ్ఞానస్నానాలు, పెళ్లిళ్లు, ఖననాల వివరాలకు నకళ్లు తీసి మద్రాసునుంచి లండనుకు పంపేవారు. 1698 మొదలుకొని ఉన్న ఆ మద్రాసు పుస్తకాలు బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. చాలావరకు ఇంటర్నెట్టులో చూడవచ్చు. సోల్జర్ల జాబితాలు, వీలునామాలు కూడా అక్కడే ఉన్నాయి. కంపెనీ కాలపు మద్రాసు ప్రభుత్వం కాగితాలు చెన్నైలో ఎగ్మూరు పురాభిలేఖాగారంలో ఉన్నాయి. ఫ్రెంచివారి కింద 1954 దాకా ఉన్న మన యానాం, ఇంకా పుదుచ్చేరి జనన మరణ పుస్తకాల నకళ్లు ఫ్రాన్సులో ఎక్స్ అనే ఊళ్లోని వలసరాజ్యాల భాండాగారంలో ఉన్నాయి.

డచ్చి కంపెనీవారైతే మరీ లెక్కగలవాళ్లు. ఓడ ఎక్కిన ప్రతి నావికుడికీ, సోల్జరుకూ జీతం ఖాతా తెరిచారు. అతని పేరు, సొంత ఊరు, ఎక్కిన ఓడ, కొలువు ఎప్పుడు ఎందుకు ముగిసింది, అన్నీ అందులో ఉంటాయి. 1699నుంచి 1794 దాకా ఉన్న ఈ ఖాతాలు హేగ్ నగరంలోని జాతీయ భాండాగారంలో ఉన్నాయి. ఆరు లక్షలకు పైగా పేర్లను ఇంటర్నెట్టులో వెతుక్కోవచ్చు. బతుకంతా అప్పుల్లో గడిపిన సోల్జరుకు ఆ అప్పుల పద్దే ఇవాళ జాతకచక్రమైంది!

ఇంకో ఉపాయం చెబుతాను. 1795 తరువాత పుట్టిన పిల్లల్ని సోల్జర్ల జాబితాలో వెతికి దొరకలేదని నిరాశపడకండి. డ్రమ్మర్ల జాబితాలో, బ్యాండువాళ్ల జాబితాలో చూడండి. వాళ్లను అక్కడికే నెట్టారని ఇందాక చెప్పుకున్నాం గదా.

అన్ని కాగితాలూ మిగిలాయనీ అనుకోవద్దు. 1864 నవంబరు 1 రాత్రి బందరుమీద ఉప్పెన వచ్చింది. సుమారు 30,000 మంది ప్రాణాలు పోయాయి. మనుషులే మిగలని చోట ఇళ్లలో పెట్టెల్లో దాచుకున్న కాగితాల మాట చెప్పేదేముంది? అందుకే లండనుకు పోయిన నకళ్లకు అంత విలువ.

ఇప్పుడు ఆ పుస్తకాల్లో ఏముండదో చెప్పాలి. బిడ్డ జ్ఞానస్నానం వరుస తీసి చూడండి. బిడ్డ పేరు ఉంటుంది. తండ్రి పేరు, అతని హోదా, పటాలం నెంబరు ఉంటాయి. తల్లి దగ్గరకు వచ్చేసరికి, చాలాచోట్ల ఏమీ ఉండదు. లేదా "ఈ దేశపు స్త్రీ" అని రెండు ముక్కలు. లేదా మరియ, అన్న అని చర్చివాళ్లు పెట్టిన పేరు. ఆమె అసలు పేరు లక్ష్మో, నాగమ్మో, బీబీజానో మనకు తెలియదు. ఆమె ఊరు తెలియదు, అమ్మానాన్నలు తెలియరు. సముద్రం అవతలివాడి ఊరు దొరుకుతుంది గాని, పది క్రోసుల అవతల పుట్టిన మన ఆడమనిషి ఊరు దొరకదు. ఈ వెతుకులాటలో మనసును కలుక్కుమనిపించే సంగతి ఇదే.

మన తోటల్లో అంటు మామిడి సంగతి మీకు తెలుసు. టెంక నాటి మొక్క మొలిపిస్తాం. దానిమీద రసాల కొమ్మో, బంగినపల్లి కొమ్మో అంటు కడతాం. చెట్టు పెద్దదయ్యాక అందరూ బంగినపల్లి చెట్టనే అంటారు. కింద వేరు ఏ ఊరు టెంకదో ఎవరూ అడగరు. నీళ్లు తాగేదీ, గాలివానకు చెట్టును నిలబెట్టేదీ ఆ వేరే. ఈ కుటుంబాల్లో తల్లి స్థానం కూడా అంతే.

అయితే ఆవిడ జాడ బొత్తిగా దొరకదా? కొన్ని దారులున్నాయి. వీలునామాలు చూడండి. చావు దగ్గరపడ్డ సోల్జరు తనతో ఉన్న స్త్రీకి ఇల్లో, నాలుగు వరహాలో వ్రాసినప్పుడు ఆమె పేరు చెప్పక తప్పదు. జ్ఞానస్నానానికి సాక్షులుగా నిలబడ్డవాళ్లెవరో చూడండి. వాళ్లలో తల్లి తరపు బంధువులు ఉండవచ్చు. ఒక బిడ్డ దగ్గర తల్లి పేరు వ్రాయకపోతే ఆ బిడ్డ అక్కచెల్లెళ్ల, అన్నదమ్ముల వరుసలు కూడా తీయించండి. నాలుగింట ఒకచోటైనా పేరు పడి ఉండవచ్చు.

ఈమధ్య డి.ఎన్.ఏ. పరీక్షలు కూడా వచ్చాయి. అందులో ఒక వింత ఉంది. మన కణాల్లో కొంత భాగం తల్లినుంచి మాత్రమే బిడ్డలకు వస్తుంది. దాన్ని మళ్లీ ముందుకు అందించేది కూతుళ్లే. ఇంకో భాగం తండ్రినుంచి కొడుకుకు మాత్రమే దిగుతుంది. కాబట్టి తల్లి, ఆమె తల్లి, ఆవిడ తల్లి అని ఆడవాళ్ల వరసలోనే పైకి పోతే, పుస్తకాల్లో పేరులేని ఆ స్త్రీ గుర్తు ఈనాటి మనవరాలి ఒంట్లో ఉండి తీరుతుంది. గుమాస్తా వ్రాయకపోయినా శరీరం వ్రాసిపెట్టుకుంది. కాకపోతే ఆ పరీక్ష పేరు చెప్పదు, ఊరు చెప్పదు. ఏ ప్రాంతపు జనంతో పోలిక ఉందో మాత్రం చెబుతుంది.

చివరగా కొన్ని హెచ్చరికలు. పిల్లికళ్లు, తెల్లతోలు చూసి సోల్జరు వంశమని తీర్మానించకండి. అట్లాంటి కళ్లు ఏ పరాసూ అడుగుపెట్టని ఇళ్లలోనూ ఉంటాయి. ఇంగ్లీషు పేరు కూడా సాక్ష్యం కాదు. 1841లో బందరులో తెలుగు మిషను మొదలయ్యాక జాన్, డేవిడ్, మేరీ అన్న పేర్లు పెట్టుకున్న తెలుగు కుటుంబాలు ఎన్నో. కాగితం, పెద్దల మాట, ఊరు ఈ మూడూ ఒకదానికొకటి పొసిగితేనే నమ్మండి.

ఇంకొక లెక్క కూడా చూడండి. తల్లిదండ్రులు ఇద్దరు. వాళ్ల తల్లిదండ్రులు నలుగురు. ఆపైన ఎనిమిదిమంది. ఇట్లా రెట్టింపు చేసుకుంటూ పోతే తొమ్మిదో మెట్టుకు 512 మంది అవుతారు. 1759నాటి సోల్జరు మనకు ఇంచుమించు ఆ మెట్టుమీదే ఉంటాడు. మేనరికాలు చేసుకున్న ఇళ్లలో ఒకే మనిషి రెండు మూడు దారుల్లో తగులుతాడు కనుక మనుషుల సంఖ్య కొంత తగ్గుతుంది. అయినా వందలమంది ఉంటారు. వాళ్లలో పరాసు ఒక్కడు! అతనివల్ల గొప్పా రాదు, తక్కువా రాదు. సంబంధం చూడవచ్చినవాళ్ల దగ్గర దాచుకోవలసిన మచ్చా కాదు. మిగిలిన 511 మంది మాటేమిటి? వాళ్లలో సగం మంది ఆడవాళ్లు. వాళ్లలో ఎందరి పేర్లు మనకు తెలుసు?

అందుకని నా మనవి ఒక్కటే. మీ వంశంలో పరదేశి సిపాయి ఉన్నా లేకపోయినా ఈ వారం ఒక నోటుపుస్తకం తీయండి. మీ అమ్మ పేరు, ఆవిడ పుట్టింటి పేరు, ఊరు వ్రాయండి. తరువాత అమ్మమ్మవి, అమ్మమ్మ తల్లివి. నాయనమ్మ వైపు కూడా అట్లాగే. పెద్దవాళ్లు ఉండగానే అడగండి. మూడో మెట్టు దగ్గరే చాలామందికి కలం ఆగిపోతుంది. ఆగినచోట ఒక గీత గీసి ఖాళీ ఉంచండి. ఏ మేనత్తకో, ఏ పెద్దమ్మకో తెలిసి ఉంటుంది. రెండు వందల ఏళ్ల కింద గుమాస్తాలు తల్లి పేరు వ్రాయలేదని ఇవాళ మనం నొచ్చుకుంటున్నాం. రేపటి పిల్లలు మన పుస్తకం తెరిచినప్పుడు ఆ గడి ఖాళీగా ఉండకూడదు గదా!

సెలవు.